కొండ కింద పార్కింగులో ఆగిపోయిన కారు

ఈ మధ్య ఒక ఆసుపత్రిలో పార్కింగ్ పనికి కుదిరిన అమ్మాయి నన్ను అడిగింది. "ఇందులో నేర్చుకోడానికి ఏముంటుంది ఆంటీ? చీటీ ఇవ్వడం, గేటు ఎత్తడం, అంతే కదా?" అంది. అప్పటికి నవ్వి ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక ఆ మాట వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నా సర్వీసంతా ఇతరుల బళ్ళు నిలబెట్టించడంలోనే గడిచింది. మొదట విశాఖపట్నంలో ఒక వినోదాల పార్కులో, అది మూతపడ్డాక ఒక ఆసుపత్రిలో. ఆసుపత్రిలో జీతం కోసం చేశాను, దాని గురించి చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. చెప్పుకోవలసినదంతా పార్కులో జరిగింది. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎన్ని సర్క్యులర్లు చూశాను అన్నవి మీకు అనవసరం. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఇది చదివి హుషారు పడతారని కూడా నేను అనుకోవడం లేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

ట్రామ్

రుషికొండ దాటి భీమిలి రోడ్డు మీద పోతుంటే కుడిచేతి వైపు సముద్రం, ఎడమచేతి వైపు ఎర్రమట్టి కొండలు. అందులో ఒక కొండ మీద తొంభైల మొదట్లో మా పార్కు కట్టారు. జెయింట్ వీలు, నీళ్ళ జారుడుబల్లలు, వంకర అద్దాల గది, పిల్లల రైలు. పైన జాగా చాలదు కనుక వచ్చిన బళ్ళన్నీ కొండ కిందే ఆపాలి. జీడితోట కొట్టేసి చదును చేసిన మైదానం అది. అక్కణ్ణుంచి పై గేటు దాకా ట్రామ్‌లో వెళ్ళాలి.

ట్రామ్ అంటే పట్టాల మీద నడిచేది కాదు. ట్రాక్టరుకి రైలింజను ముఖం తగిలించి, వెనక పక్కలు తెరిచి ఉన్న పెట్టెలు కట్టేవారు. అడ్డంగా చెక్క బెంచీలు, పైన చారల గుడ్డ, డ్రైవరు తాడు లాగితే మోగే ఇత్తడి గంట. పసుపుది ఒకటి, నీలంది ఒకటి, ఎరుపుది ఒకటి ఉండేవి. కొండ సగం ఎక్కాక ఒక మలుపులో సముద్రం మొత్తం ఒక్కసారిగా కనబడేది. ప్రతి ట్రిప్పులోనూ అక్కడ జనం "అబ్బా!" అనేవారు. పుట్టినప్పటి నుంచి సముద్రం పక్కనే బతికినవాళ్ళు కూడా అనేవారు. అది వినడం నాకు ఎప్పుడూ విసుగనిపించలేదు.

ఆదివారాలు గాజువాక నుంచి స్టీలు ప్లాంటు కుటుంబాలు బస్సులు మాట్లాడుకుని వచ్చేవి. రంజాన్ మర్నాడు పాత ఊరి సాయిబుల కుటుంబాలు బిర్యానీ డేగిసాలతో దిగేవి. పైకి వెళ్ళే ట్రామ్‌లో అందరూ ఒకేసారి మాట్లాడేవారు. కిందకి దిగే ట్రామ్‌లో తడి జుట్లు, క్లోరిన్ వాసన, భుజాల మీద నిద్రపోయే పిల్లలు. ఎవరూ మాట్లాడేవారు కాదు. డీజిలు పొగ, ఉప్పుగాలి కలిసిన ఆ వాసన తగిలితే ఇప్పటికీ నా కాళ్ళు ఆగిపోతాయి.

మా నాన్నది కోనసీమ. పోర్టులో ఉద్యోగమని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, అందుకే నాకు ఇక్కడి యాస రాలేదు. నాకు గొంతు బాగుందని ట్రామ్‌లో మైకు పట్టుకుని చెప్పే పని ఇచ్చారు. "దయచేసి చేతులు బయట పెట్టకండి, బండి పూర్తిగా ఆగాకే దిగండి." కొన్నాళ్ళకి పార్కింగుకీ ట్రామ్‌లకీ నన్నే ఇన్‌ఛార్జిగా వేశారు. నా ప్రతిభ చూసి కాదు. మగవాళ్ళందరికీ పైన రైడ్ల దగ్గర ఉండాలని ఉండేది. కింద ఎండలో, దుమ్ములో, తిట్లు తింటూ నిలబడడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

తిట్ల సంగతి ముందే తెలుసుకోండి. బండి దిగిన మనిషికి మొదట వచ్చేది కోపం. దారిలో పెళ్ళాంతో పడ్డ తగువు, పిల్లాడి వాంతి, ఎండ, అన్నీ మీ మీద దిగుతాయి. దానికి జవాబు ఇవ్వకండి. ట్రామ్ ఎక్కిస్తే పోతుంది.

శేషగిరి గారు

మా మొదటి మేనేజరు శేషగిరి గారు ఓడల మీద పనిచేసి వచ్చిన మనిషి. నోరు మంచిది కాదు. నలుగురిలో అరిచేవారు. ఒకసారి నా ముందే తన టోపీ తీసి నేలకి కొట్టారు. కానీ చూపు మంచిది.

పార్కు మొదలుపెట్టిన కొత్తలో పార్కింగ్ వరుసలకి ఇంగ్లీషు అక్షరాలు రాయించారు. సాయంత్రం అయ్యేసరికి ఏ అక్షరమో ఎవరికీ గుర్తుండేది కాదు. కుటుంబాలకు కుటుంబాలు మైదానమంతా తిరిగేవి. ఒక బ్యాంకు ఆఫీసరు తన కారు ఎవరో ఎత్తుకుపోయారని మా మీద కేసు పెడతానన్నాడు. కారు పక్క వరుసలోనే ఉంది. శేషగిరి గారు మర్నాడు అక్షరాలన్నీ చెరిపించి చేపల బొమ్మలు వేయించారు. వంజరం వరుస, చందువ వరుస, కానాగంత వరుస, సొర వరుస. పెద్దలు మర్చిపోయినా పిల్లలు మర్చిపోయేవారు కాదు. "నాన్నా, మనది సొర!" అని ట్రామ్ దిగకముందే అరిచేవారు.

ఆయన చేసిన రెండో పని డ్రైవర్ల పాక. కార్ల యజమానులు పైన ఆడుకుంటుంటే, వాళ్ళ డ్రైవర్లు రోజంతా కింద కార్లలోనే మాడిపోయేవారు. ఒకాయన డ్రైవరుకి అన్నం సంగతే మర్చిపోయి సాయంత్రం దాకా పైనే ఉన్నాడు. ఆ డ్రైవరు కళ్ళు తిరిగి పడిపోయాడు. శేషగిరి గారు ఆ యజమానిని ట్రామ్ దగ్గర నిలబెట్టి, చుట్టూ జనం వింటుండగా కడిగేశారు. తరువాత తాటాకు పాక వేయించి మంచినీళ్ళ కుండలు పెట్టించారు. డ్రైవర్లు అక్కడే తినేవారు, పేకాడేవారు, నిద్రపోయేవారు.

ఒక్క మాట మాత్రం ఆయన గురించి చెప్పాలి. ఈ మంచి పనులు ఏవీ ఆయన రూలుగా రాయించలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ జరిగాయి. మంచి పై అధికారి దొరకడం అదృష్టం, కానీ ఆయన చలవ మీద ఇల్లు కట్టుకోకండి.

సింహాచలం

ఆ పాకకి ఎప్పుడూ వచ్చేవాళ్ళలో సింహాచలం ఒకడు. గాజువాక మనిషి. మీగడ రంగు అంబాసిడర్ సొంతంగా నడుపుకునేవాడు. ఆదివారాలు స్టీలు ప్లాంటు కుటుంబాలని తీసుకొచ్చి దింపి, సాయంత్రం దాకా పాకలో ఉండేవాడు. నవ్వు మొహం. పేకలో ఓడిపోయినా నవ్వేవాడు. మా ఎర్ర ట్రామ్ డ్రైవరు అప్పన్నకీ అతనికీ బాగా కుదిరింది. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు.

డ్రైవర్లు పైకి వెళ్ళరు. ట్రామ్ ఊరికే ఎక్కనిస్తామన్నా వెళ్ళరు. సింహాచలాన్ని ఒకసారి అడిగాను కూడా.

"పైకెల్తే ఏటుందమ్మా? ఆల్లు అరుత్తారు, నాను సూత్తాను. దానికన్నా ఇక్కడ తొంగోడం నయం" అన్నాడు.

ఒకరోజు, ఆదివారం కాదు, జనం పెద్దగా లేని పూట, అతను ఒక్కడే వచ్చాడు. సొర వరుస చివర్న కారు ఆపి, తాళం వేసి, నేరుగా ట్రామ్ దగ్గరకి నడిచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను టికెట్ల గదిలోంచి చూశాను, ఎవరో బంధువులు పైన ఉన్నారు కాబోలు అనుకున్నాను.

మిగతాది అప్పన్న చెప్పినదే.

"ఏటి బావా, ఇయేల నువ్వెక్కినావ్?" అని అడిగాడట.

"ఓపాలి సూడాలి కదా బావా. ఆకరి ట్రాం ఎప్పుడు?"

"పొద్దోయేక. నువ్వొచ్చేదాకా ఉంటాన్లే."

ఆఖరి బెంచీలో కూర్చున్నాడట. పైన గేటు దగ్గర దిగి లోపలికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

పొద్దు గుంకాక ఆఖరి ట్రామ్ దిగింది. సొర వరుసలో ఆ ఒక్క కారే మిగిలింది. అప్పన్న ఖాళీ ట్రామ్‌ని మళ్ళీ పైకి తోలుకెళ్ళాడు. వాచ్‌మన్‌లు అద్దాల గది నుంచి నీళ్ళ ట్యాంకుల వెనక దాకా వెతికారు. మర్నాడు కొండ వెనక వాలంతా వెతికారు. పక్క ఊరి పల్లెకారులు పడవల మీద వెళ్ళి చూశారు. చెప్పులు గానీ చొక్కా గానీ దొరకలేదు. పోలీసులు వచ్చి రాసుకున్నారు. "పెద్దవాడు, తిరిగి వస్తాడు లెండి" అని వెళ్ళిపోయారు. ఎవరో ఆడమనిషి కోసం పారిపోయాడని పాకలో కొందరు అన్నారు. ఏమైందో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. చివర్లో తేలుతుందని ఎదురుచూడకండి. తేలలేదు.

రవణమ్మ

అతని భార్య పేరు రవణమ్మ. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉంటుంది, ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఆడపిల్లలిద్దరూ చిన్నవాళ్ళు. వస్తే ఏడుస్తుంది, ఎలా ఓదార్చాలా అని నేను భయపడుతూ ఉన్నాను. ఆమె ఏడవలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. అద్దంలోంచి లోపలికి చూసింది. వెనక సీటు మీద అతని తువ్వాలు మడతపెట్టి ఉంది.

తమ్ముడు కారు తీసుకుపోదామన్నాడు. ఇంటి దగ్గర రెండో తాళం ఉందట.

"ఉండనియ్" అంది రవణమ్మ. తరువాత నావైపు తిరిగి, "ఇక్కడుంచనిత్తారేటమ్మా?" అని అడిగింది.

శేషగిరి గారిని అడిగాను. ఆయన సొర వరుస వైపు కాసేపు చూసి, "ఉండనీ. ఎవరైనా అడిగితే నేను చెప్పానని చెప్పు" అన్నారు.

అప్పటి నుంచి ఆమె వస్తూ ఉండేది. గాజువాక నుంచి బస్సులు మారి, జనం లేని రోజు చూసుకుని వచ్చేది. కారు తుడిచేది. రెండో తాళంతో తలుపు తీసుకుని, డ్రైవరు సీట్లో కాదు, దాని పక్క సీట్లో కూర్చునేది. కొంతసేపు ఉండి వెళ్ళిపోయేది. పాకలో డ్రైవర్లు ఆమె వస్తే గొంతులు తగ్గించేవారు. ట్రామ్‌ల మెకానిక్ జలీల్ భాయ్ పాత ఊరి మనిషి. అతను అడపాదడపా ఆమె దగ్గర తాళం తీసుకుని ఇంజను ఆడించి, టైర్లకి గాలి కొట్టి ఇచ్చేవాడు. "బండి కూడా జబ్బు పడుతుందమ్మా, కదలకపోతే" అనేవాడు.

నేను టీ తీసుకెళ్ళేదాన్ని. కొన్నాళ్ళకి నన్ను అప్పా అని పిలవడం మొదలుపెట్టింది. ఇక్కడివాళ్ళు అక్కని అలాగే పిలుస్తారు. నేను ఏమనాలో తెలియక ప్రతిసారీ ఒకటే మాట అనేదాన్ని, "వస్తాడులే" అని.

ఒకరోజు గ్లాసు నా చేతికిచ్చి, "అలగ అనకప్పా" అంది. "మా ఈదిలో అందరూ అదే అంతన్నారు. ఆ మాట ఇనకండా కూసుందామని ఇంత దూరం వత్తన్నాను."

మీరు కూడా ఎవరితోనూ ఆ మాట అనకండి. అనాలనిపిస్తుంది. మన బరువు దించుకోడానికే అంటాం.

అప్పన్న మారిపోయాడు. ప్రతి సాయంత్రం ఆఖరి ట్రిప్పుకి ముందు కంచె వెంట ఒక చుట్టు నడిచి, అందరూ దిగాక కూడా కొంతసేపు గంట కొట్టి నిలబడేవాడు. వాచ్‌మన్‌లు విసుక్కునేవారు. తాగుడు పెరిగింది. బావా అని మళ్ళీ ఎవరినీ పిలవగా నేను వినలేదు.

ఆమె ఆ కారుని ఎందుకు అక్కడే ఉంచిందో మాకందరికీ తెలుసనుకున్నాం. అతను కొండ దిగి వస్తే, పెట్టిన చోట కారు ఉండాలని. మేము అలా అనుకున్నాం, దాన్ని నమ్మాం, కొత్త డ్రైవర్లకి కూడా అలాగే చెప్పాం. ఏళ్ళు గడిచాయి. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఆమె జుట్టు నెరిసింది. ఆమెని మేము ఒక్కసారి కూడా అడగలేదు.

తీయని మాటలు

రెండువేల సంవత్సరం తరువాత జనం తగ్గారు. ఊళ్ళో కొత్త సినిమా హాళ్ళు, పెద్ద షాపులు వచ్చాయి. నీళ్ళ జారుడుబల్లలకి పగుళ్ళొచ్చాయి. విడిభాగాల కోసం పసుపు ట్రామ్‌ని విప్పేశారు. తరువాత నీలందాన్ని విప్పారు. శేషగిరి గారు వెళ్ళిపోయారు. ఆయన వెనకే పాక కూలిపోయింది, మళ్ళీ ఎవరూ వేయించలేదు.

కొత్త మేనేజరు వినోద్ గారు చిన్నవాడు. ఎన్నడూ గొంతు పెంచలేదు. అందరినీ మీరు అనేవాడు. రుషికొండ చుట్టూ ఐటీ కంపెనీల భవనాలు లేస్తుంటే, కొండ మీద పార్కు కన్నా కొండ కింద నేలకే గిరాకీ ఎక్కువయింది. యజమానులు పార్కింగ్ మైదానాన్ని అపార్ట్‌మెంట్లకి ఇచ్చేశారు. ఇక వచ్చిన నాలుగు బళ్ళూ రోడ్డు పక్కనే ఆపాలి. మైదానం ఖాళీ చేయమని, అక్కడ ఉండిపోయిన కారుని క్రేనుతో లాగించి తుక్కుకి పంపమని నాకు చెప్పారు.

నేను వెళ్ళి ఆయనకి కథంతా చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా విన్నాడు.

"మీ బాధ నాకు అర్థమైంది మేడమ్. నిజంగా" అన్నాడు. "వచ్చే వారం క్రేను వస్తుంది."

ఇద్దరు పై అధికారుల కింద చేసిన దాన్ని కనుక చెబుతున్నాను. అరిచేవాడితో మళ్ళీ అరిచి దెబ్బలాడొచ్చు. టోపీ నేలకి కొట్టినవాడు మర్నాడు మనసు మార్చుకోవచ్చు. అర్థమైందని చెప్పి పని కానిచ్చేవాడి దగ్గర మనం చేయగలిగింది ఏమీ ఉండదు. అతను చెడ్డవాడు కాడు. అతని చేతిలోనూ ఏమీ లేదు. అదే ఇంకా దిగులు.

పార్కు ఆ తరువాత రెండు వేసవులు కూడా నడవలేదు. ఎర్ర ట్రామ్‌ పెట్టెల్ని గ్యాస్ కట్టరుతో ముక్కలు కోసి లారీకెత్తారు. జలీల్ భాయ్ అది చూడనని సెలవు పెట్టాడు. నేను చూశాను. బెంచీల కింద చిక్లెట్లు, ఎవరో పిల్ల కాలిపట్టీ, తుప్పు. అంతకన్నా ఏం లేదు. పార్కు సంగతి ఇక్కడితో సరి.

కొండ మీదికి

మళ్ళీ కాస్త వెనక్కి వెళ్తాను. క్రేను రాకముందే రవణమ్మకి చెప్పాలి. ఆమె వచ్చిన రోజు కారులో ఆమె పక్కన, డ్రైవరు సీట్లో కూర్చుని చెప్పాను. అందులో నేను కూర్చోవడం అదే మొదటిసారి. జలీల్ భాయ్ తమ్ముడికి పూర్ణా మార్కెట్ వెనక సందులో షెడ్డు ఉందని, కారు అక్కడ పెట్టుకోవచ్చని, వాళ్ళు ఒప్పుకున్నారని కూడా చెప్పాను. అతను వస్తే మేం దారి చూపిస్తాం అన్నాను.

ఆమె నావైపు వింతగా చూసింది.

"ఆడు రాడప్పా. నాకు తెల్దేటి?"

"మరి కారు ఎందుకు ఉంచావు ఇక్కడ?"

చేతిలో తాళాన్ని కొంగుకి ముడేసుకుంది. తరువాత చెప్పింది.

"మా అత్తకి సెప్పలేదు. అప్పుడది ఊర్ల ఉండీది. తరవాత సూపు పోయిందని నా కాడికి తెచ్చుకున్నాను. కొడుకేడే అంటే, కారేసుకుని రాయగడ ఎల్లినాడు, కంపినీల బాడుగకి పెట్టినాడు, సెలవు దొరకదట అన్నాను. ఈదిలో ఆల్లందరికీ సెప్పి ఉంచినాను, నోరు జారొద్దని. ఎవులూ జార్లేదు. కారింటికొస్తే ఆడు రావాల కదా. ఆడు లేకండా కారొచ్చిందంటే అది సచ్చిపోద్ది అప్పా, ఆ ముసిల్ది. కారు ఇక్కడున్నంత సేపూ ఆడు పన్లో ఉన్నట్టే."

ఇన్నేళ్ళు మేము ఆమె ఎదురుచూపు అనుకున్నది అదీ. ఆమె ఎవరి కోసమూ ఎదురుచూడలేదు. ఒక అబద్ధానికి కాపలా కాసింది. దాన్ని దాచుకోడానికి ఇంటి దగ్గర చోటు లేక, ఊరికి ఈ చివర మా మైదానంలో పెట్టుకుంది.

"అయితే షెడ్డులో పెట్టేద్దాం. ఎవరికీ తెలియదు" అన్నాను.

తన ముందున్న డ్యాష్‌బోర్డుని అరచేత్తో ఒకసారి తుడిచింది.

"వొద్దప్పా. ఇంకెన్ని సోట్లకి తిప్పుతాను? నాకూ ఓపిక అయిపోయింది. ఇంటికి తోలించీ."

నేను అవునని అనలేదు, వద్దని అనలేదు. అనే హక్కు నాకు ఉందనిపించలేదు.

వెళ్ళేముందు ఆమె ఇంకొకటి అడిగింది. ట్రామ్ ఎక్కుతానంది. అన్నేళ్ళు వచ్చి ఒక్కసారీ ఎక్కలేదు. అప్పన్న ఎర్ర ట్రామ్ తెచ్చాడు. మేమిద్దరమే ఎక్కాం. ఎక్కడ కూర్చున్నాడని అడిగి, ఆఖరి బెంచీలో కూర్చుంది. మలుపులో సముద్రం వచ్చింది. ఆమె అటు చూడలేదు. ముందున్న ఖాళీ బెంచీలకేసి చూస్తూ కూర్చుంది.

పైన గేటు దగ్గర ఆగాక దిగలేదు. అప్పన్నని అడిగింది, "దిగినప్పుడు నవ్వేడేటి?"

"నవ్వేడమ్మా. నన్ను సూసి నవ్వేడు" అన్నాడు అప్పన్న.

ఆమె తల ఊపింది. కిందకి వచ్చాక, ఆమె దూరంగా ఉన్నప్పుడు, అప్పన్న నాతో అన్నాడు. "నాను సూడనేదమ్మా. ఎనక్కి తిరిగి సూడనేదు. దిగే ట్రిప్పుకి జనం ఎక్కిపోతన్నారు."

గాజువాక

జలీల్ భాయ్ బ్యాటరీ వేసి, ప్లగ్గులు తుడిచి, కారుని కదిలేలా చేశాడు. అప్పన్న తోలాడు. రవణమ్మ ఎప్పటిలా పక్క సీట్లో కూర్చుంది. నేను వెనక, ఆ తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఊరంతా దాటి గాజువాక చేరాం. 

వాళ్ళ వీధి ఇరుకు. కారు మలుపు తిరగగానే కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు దించేశారు. ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ వీధి వీధంతా ఆ అబద్ధాన్ని మోసినవాళ్ళే కదా. పిల్లల్ని లోపలికి లాక్కున్నారు.

ఇంటి ముందు అరుగు మీద నులక మంచంలో రవణమ్మ అత్త కూర్చుని ఉంది. పైడమ్మ. కారు ఇంకా ఇల్లు చేరకముందే చప్పుడు గుర్తుపట్టి తల ఎత్తింది. చేత్తో మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడింది. ఆ మొహంలో వచ్చిన వెలుగు నేను చూడకుండా ఉండాల్సింది.

అప్పన్న ఇంజను ఆపాడు. ఎవరమూ తలుపు తియ్యలేదు.

పైడమ్మ మొహం కొద్దిగా పక్కకి తిప్పి వింది.

"ఎవులు తోల్నారు?" అంది.

ఎవరో కుళాయి కట్టేశారు.

"మావోడైతే హారనేసి మరీ దిగుతాడు. ఎవులది తోల్నాది?"

అప్పన్న తలుపు తీసి దిగాడు.  "నానేనమ్మా. అప్పన్నని. పార్కు కాడ డ్రైవర్ని."

"మావోడేడి?"

రవణమ్మ దిగి వెళ్ళి అత్త కాళ్ళ దగ్గర అరుగు మీద కూర్చుంది. "లేడమ్మా" అంది. అంతే అంది.

ముసలావిడ నిలబడే ఉంది. కూలిపోతుందని మేమంతా చూస్తున్నాం. పక్కింటావిడ నీళ్ళ చెంబుతో పరుగెత్తుకొచ్చింది. ఆవిడ కూలిపోలేదు. మెల్లగా మంచం మీద కూర్చుని, గాలిలో చెయ్యి చాచి వెతికి, కోడలి తల పట్టుకుంది.

"ఎన్నాల్లయిందే?"

రవణమ్మ చెప్పింది. చిన్నమ్మాయికి ఇంకా నడక రానప్పుడు, అని చెప్పింది. ఆ చిన్నమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది, తల్లి కన్నా పొడుగు.

పైడమ్మ కోడలి జుట్టు మీద చెయ్యి అలాగే ఉంచింది. అరుస్తుందని, శాపనార్థాలు పెడుతుందని అనుకున్నాను. పెడితే బాగుండుననుకున్నాను.

"ఇన్నాల్లు నా కాడే ఉన్నావు. నా ఎదురుగుండానే ఉన్నావు" అంది చివరికి. "మరి నువ్వెప్పుడేడిసేవే?"

రవణమ్మ తల ఎత్తింది.   ముసలావిడ కోడలి మొహం రెండు చేతులతో తడిమింది, చెంపలు, కళ్ళ కింద, తడి కోసం వెతుకుతున్నట్టు. ఆ మొహం పొడిగానే ఉంది.

నేను, అప్పన్న షేర్ ఆటో ఎక్కి తిరిగి వచ్చేశాం.